వంకర గీత

తలుపు మీది ఎర్రదీపం ఇంకా వెలగలేదు. దర్జీ మళ్ళీ చేతి గడియారం చూసుకున్నాడు. భార్య లోపలికి వెళ్ళి ఇరవై రెండు నిమిషాలైంది. ఈపాటికి లోపల మిషను నడిచి ఆ దీపం రెండుసార్లు వెలిగి ఆరాలి, ఆమె శాలువా సర్దుకుంటూ బయటికి రావాలి, ఇద్దరూ బస్సుస్టాపు దాకా సగం దూరం నడిచి ఉండాలి. ఇన్నాళ్ళూ అలాగే జరిగింది. పదకొండు రోజుల రేడియేషన్, పదకొండుసార్లూ ఎనిమిది నిమిషాల్లో ముగిసింది. ప్రతిసారీ గడియారం చూశాడు కాబట్టి ఈ మాట అతను ఎక్కడైనా ఢంకా బజాయించి చెప్పగలడు.

చూడకుండా ఉండడం అతని వల్ల కాదు. కొట్టువాడు మూడు మీటర్లని చింపి ఇచ్చిన గుడ్డను ఇంటికి తెచ్చి మళ్ళీ కొలుస్తాడు. కొలిచిన టేపు సాగిందేమోనని రెండో టేపు పక్కన పెట్టి చూస్తాడు. ముప్పై ఏళ్ళుగా చొక్కాలు కుట్టి బతికేవాడికి ఆ మాత్రం అనుమానం ఉండాలంటాడు. ఆ అనుమానాన్ని భార్య మొదటి ఇరవై ఏళ్ళూ నవ్వుతూ భరించింది. తరవాత నవ్వడం మానేసి భరిస్తోంది.

"లోపల ఉన్నది ఆగండమ్మ గదా. ఇక అయినట్టే అన్నా," అంది పక్కన కూర్చున్న ఇస్త్రీ ఆమె.

దర్జీ భార్యకు లాగే ఇస్త్రీ ఆమెకూ ఎడమ రొమ్ముకే క్యాన్సరు ఆపరేషనయింది. రోజూ దర్జీ భార్య తరవాతి నంబరు ఆమెది. కోడలిని తోడు తెచ్చుకుని అందరికన్నా ముందే వచ్చి కూర్చుంటుంది, బెంచీకి కావలసిన కబుర్లన్నీ ఆమె దగ్గరే దొరుకుతాయి. ఆగండమ్మ అన్న పేరూ ఆమె పెట్టిందే. అసలు మనిషి ఈమధ్యే వేరే ఆస్పత్రి నుంచి వచ్చిన టెక్నీషియను అమ్మాయి. పోయిన వారమంతా మధ్యాహ్నం వాళ్ళను చూసింది, ఈ సోమవారం నుంచి పొద్దుటివాళ్ళు ఆమె పాలబడ్డారు. టేబుల్ మీద పడుకోబెట్టి "ఆగండమ్మా" అని వెళ్ళి, సరైన చోటే పడుతుందో లేదో చూడడానికి మిషనుతో ఫొటో తీస్తుందట. తిరిగొచ్చి అటూ ఇటూ జరిపి "ఇంకొక్కసారి ఆగండమ్మా" అంటుందట. ఇన్నాళ్ళూ పొద్దుటివాళ్ళను చూసిన పెద్ద టెక్నీషియనుకు బెంచీ పెట్టిన పేరు మెరుపు. ఉన్న ఒక్క మిషను మీద రోజుకు డెబ్బై మందిని పడుకోబెట్టి, నవ్వించి, లేపి పంపుతాడు. చీకటి పడేలోపు ఒక్కరిని కూడా రేపు రమ్మనడు.

తలుపు తెరుచుకుంది. భార్య ముఖం చూడగానే దర్జీకి ఏదో తేడా కొట్టింది. వెనకాలే ఆ అమ్మాయి వచ్చి, ఈ రోజు ట్రీట్‌మెంటు ఇవ్వలేదని, రేపు పొద్దున్నే డాక్టరుగారూ మిషను లెక్కలు చూసే ఫిజిసిస్టుగారూ వస్తారని, ఎనిమిదింటికల్లా రమ్మని చెప్పింది.

"ఎందుకివ్వలేదు?" అన్నాడు దర్జీ.

"ఫొటోలో కొంచెం తేడా ఉందండీ. అదేమిటో తేలకుండా ఇవ్వలేను."

"మిషన్లో తేడానా?"

"ఇంకా తెలీదండీ."

ఇంకా తెలీదట. చొక్కా భుజం ఎక్కడ చెడిందో తెలీదని ఏ దర్జీ అయినా గిరాకీతో అనగలడా? అంటే మర్నాటి నుంచి వాడి కొట్టు ముందు ఈగలు వాలతాయి. నేర్చుకోవడానికి ఈ పిల్లకు నా పెళ్ళామే దొరికిందా అనుకున్నాడు. మిషను పాడైతే ఆ మాట చెప్పకుండా దాస్తున్నారేమోనని కూడా అనుకున్నాడు. బస్సులో ఈ రెండు అనుమానాలనూ భార్య చెవిన వేశాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఇంట్లో ముందుగదే కొట్టు. సాయంత్రం ఆరింటికి కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి, అలమర మీది ఊదారంగు మార్కరూ స్టీలు స్కేలూ అందుకుని భార్యను ట్యూబులైటు కిందికి రమ్మన్నాడు. మొదటి రోజున ఆస్పత్రిలో ఆమె ఒంటి మీద మూడు గుర్తులూ, ఒక పొడుగాటి గీతా గీశారు. "ఇవే మీ అడ్రసు. చెరిపారో, కథ మళ్ళీ మొదటికొస్తుంది," అని మెరుపు నవ్వుతూ అన్నాడు. నవ్వుతూ అన్నా వీళ్ళకు గుండెలో రాయి పడింది. ఆమె అటువైపు నీళ్ళు తగలనివ్వలేదు, ఆ పక్కకు తిరిగి పడుకోలేదు. అయినా చెమటకు, గుడ్డ రాపిడికి పోయిన బుధవారానికి గీత సగం మాయమైంది. ఆ రోజే దర్జీ స్టేషనరీ కొట్టుకు వెళ్ళి అదే రంగు మార్కరు ఏరి తెచ్చాడు.

ఆ సాయంత్రం దిద్దబోతూ చూస్తే గీత వంకరగా ఉంది. చంక కింద నుంచి ముందుకొచ్చేసరికి జారిపోయినట్టుంది. మెరుపుకు తొందరెక్కువ కదా అని నవ్వుకుని, ఆమెను నిటారుగా నిలబెట్టి, చేతులు దించమని, స్కేలు పెట్టి తిన్నగా గీశాడు. గుడ్డ మీద సుద్దగీత వంకరపోతే చూస్తూ ఊరుకునే చేయి కాదది. గుర్తులను కూడా ఆ గీతకు సరిపోయేలా జరిపాడు. అప్పటి నుంచి రోజూ సాయంత్రం వాటి మీద ఇంకోసారి మార్కరు తిప్పడం అలవాటు చేసుకున్నాడు.

"ఈ రోజుకు వద్దులెండి," అంది భార్య.

ఎందుకని అడిగితే ఊరికే అంది. అతను వినలేదు. ఊపిరి బిగబట్టి, గోరుతో స్కేలు అంచు నొక్కిపట్టి, ఒక్క చోట కూడా చేయి వణక్కుండా గీసి, మార్కరు మూత పెట్టాడు. ఆమె శాలువా కప్పుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మంగళవారం పొద్దున ఆమెను లోపలికి తీసుకెళ్ళి గంటన్నర ఉంచారు. డాక్టరు వెళ్ళాడు. చేతిలో కాగితాల కట్టతో ఫిజిసిస్టు వెళ్ళాడు. మధ్యలో ఆమెను చక్రాల కుర్చీలో స్కానింగు గదికి తీసుకెళ్ళి తీసుకొచ్చారు. దర్జీ కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చున్నాడు. తలుపు తెరిచినప్పుడల్లా అద్దం వెనక ఆ అమ్మాయి కనబడేది. ఒకసారి చూస్తే నీలం అట్ట పుస్తకంలో తల వంచుకుని ఏదో రాస్తోంది. అరపేజీ రాసి, ఆగి, ఆలోచించి మళ్ళీ రాసింది.

అది పొరపాట్ల పుస్తకమని ఇస్త్రీ ఆమె చెప్పింది. ఆయా చెప్పిందట. చిన్నదైనా పెద్దదైనా, జరిగిన పొరపాటైనా జరగబోయి తప్పినదైనా అందులో రాయాలని ఈ పిల్లే పట్టుబట్టి పెట్టించిందట. ఇరవై ఏళ్ళ సర్వీసులో తన పేరు మీద ఒక్క తప్పూ లేదని, ఇప్పుడు కూర్చుని తప్పులు వెతుక్కోవాలా అని మెరుపు ముఖం మాడ్చుకున్నాడట. దర్జీకి అరికాలి మంట నెత్తికెక్కింది. రాసుకోవడానికి పుస్తకమే కొన్నారంటే లోపల ఎన్ని తప్పులు జరుగుతున్నట్టు? అందులో ఇవాళ రాసింది ఎవరి గురించి?

భార్య బయటికొచ్చింది. పాత గీతలు తుడిచేసి కొత్తవి గీశారని, పైన పారదర్శకమైన ప్లాస్టరు అంటించారని, రేపటి నుంచి మళ్ళీ ట్రీట్‌మెంటు మొదలని చెప్పింది. ఎందుకు తుడిచారని అడిగితే నీళ్ళు నమిలింది. ఏదో తేడా వచ్చిందట, సరిచేశారట అంది.

సాయంత్రం బావమరిది వచ్చాడు. కరెంటాఫీసులో గుమస్తా. తెల్లకాగితం కనబడితే చాలు, "అయ్యా" అని మొదలుపెట్టేస్తాడు. అనుభవం లేని టెక్నీషియను నిర్లక్ష్యం వల్ల తమ అక్కగారి ప్రాణానికి ముప్పు వాటిల్లిందని, రెండు రోజుల చికిత్స ఆగిపోయిందని, జరిగిన తప్పును పుస్తకంలో రాసుకుని రోగికి చెప్పకుండా దాచారని రెండు పేజీలు నింపాడు. ఆ పిల్ల మంచిదేరా, వద్దురా అని అక్క రెండుసార్లు అంది. నువ్వూరుకో అక్కా, ఇవి నీకు తెలీవన్నాడు తమ్ముడు. దర్జీ కింద సంతకం పెట్టి, ఫిర్యాదు బాగా వచ్చిందని మెచ్చుకున్నాడు కూడా. బుధవారం దాన్ని సూపరింటెండెంటు ఆఫీసులో ఇచ్చి, నంబరు వేయించుకుని వచ్చారు.

గురువారం వెళ్ళేసరికి మిషను దగ్గర మెరుపు ఉన్నాడు. ఆగండమ్మను పాత ఫైళ్ళ గదికి మార్చారని, శనివారం కమిటీ కూర్చుంటుందని బెంచీ అంతా చెప్పుకుంటోంది. దర్జీకి ఛాతీ కొంచెం విప్పారిన మాట నిజం. భార్య లోపలికెళ్ళింది. ఫొటో లేదు, ఆగడం లేదు. ఎనిమిదో నిమిషానికి బయటికొచ్చింది.

కమిటీ ముందు నోటిమాట చెల్లదని, ఆ పుస్తకంలో పేజీ కాపీ చేతిలో ఉండాలని బావమరిది మరీమరీ చెప్పాడు. భార్యను బెంచీ మీద కూర్చోబెట్టి దర్జీ ఫైళ్ళ గది వెతుక్కుంటూ వెళ్ళాడు. మెట్ల కింద ఇరుకు గది. ఆ అమ్మాయి ముక్కుకు గుడ్డ కట్టుకుని ఫైళ్ళు దులుపుతోంది. అడగడానికి వచ్చిన మాటను అతను మూడు రకాలుగా తిప్పి ఆలోచించుకుని వచ్చాడు గాని, ఆమెకు అంత అవసరం పడలేదు. మీ పేజీ చూసే హక్కు మీకుందండీ అని, బల్ల సొరుగులోంచి నీలం పుస్తకం తీసి, ఆ పేజీ తెరిచి ముందు పెట్టింది.

అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. దర్జీ వేలు పెట్టి చదివాడు. గీతలు అసలు చోటు నుంచి ఒకటింబావు సెంటీమీటరు జరిగాయి. గురు, శుక్రవారాల ట్రీట్‌మెంటు ఆ గీతల మీదే జరిగింది. సోమవారం ఫొటోలో బయటపడింది. కింద, ఎందుకు జరిగింది అన్నచోట మూడు వరుసలున్నాయి. గీతలు చెరిగితే మాతో చెప్పమని మేము రోగికి చెప్పలేదు. చెరిపితే మొదటికొస్తుందని భయపెట్టాం. శుక్రవారం తీయాల్సిన ఫొటో రద్దీ వల్ల తీయలేదు. పేజీ అంతా వెతికినా ఎవరు చేశారన్న గడి కనబడలేదు.

"గీతలు జరగడమేమిటి? జరగడానికి అవేమన్నా చీమలా?" అన్నాడు దర్జీ.

"ఎవరో దిద్దారండీ. మేం గీసినవి కావని చూడగానే తెలిసింది. మా గీతలు అంత నీటుగా ఉండవు."

అతని చేయి పుస్తకం మీదే ఆగిపోయింది.

"వంకరగా ఉంటే తిన్నగా దిద్దడం తప్పా?" అని అడిగాడు.

"పడుకోబెట్టి, చేయి తల మీదికి ఎత్తించి గీస్తామండీ. లేచి నిలబడి చేయి దించితే చర్మం కిందికి జారుతుంది, గీత వంకరగా కనిపిస్తుంది. అది అలా వంకరగా కనిపిస్తేనే సరిగ్గా ఉన్నట్టు."

ఇంకొకరికైతే ఇంకాస్త విడమర్చాల్సి వచ్చేది. దర్జీకి అక్కర్లేదు. ముప్పై ఏళ్ళుగా కొలతకు నిలబడ్డ ప్రతి మనిషికీ చేతులు దించండి అని చెబుతున్నాడు. చేయెత్తితే చొక్కా బెత్తెడు పైకి లేస్తుందని, అప్పుడు తీసిన కొలత నూతిలో పారేసినట్టేనని అతనికి తెలిసినంతగా ఆ ఆస్పత్రిలో ఎవరికీ తెలీదు. తెలిసి తెలిసి భార్యను నిలబెట్టి, చేతులు దించమని, తన చేత్తోనే గీశాడు. అక్కడున్న ఫైళ్ళ మీదే కూలబడ్డాడు.

ఆ రెండు రోజుల సంగతేమిటని అడిగాడు. డాక్టరుగారూ ఫిజిసిస్టుగారూ చూశారని, రెండు రోజులే కాబట్టి సర్దడానికి వీలుందని, సర్దారని ఆమె చెప్పింది. మిగతా పద్నాలుగు రోజులూ అలాగే జరిగి ఉంటే అన్నాడు. ఎడమవైపు కదండీ, లోపల గుండె ఉంటుంది, రేడియేషన్ పడాల్సిన చోట అంచు వదిలేసి అటు పడేది అంది ఆమె.

"మాతో ఎందుకు చెప్పలేదమ్మా?"

"మంగళవారం అమ్మగారిని అడిగాను. ఎవరూ దిద్దలేదన్నారు. గట్టిగా అడిగితే భయపడతారు, రేపు ఇంకేదైనా దాస్తారు. అందుకని వదిలేశాను." గుడ్డతో బల్ల తుడిచి, పుస్తకం చేతిలోకి తీసుకుంది. "కమిటీకి ఈ పేజీ కావాలి కదండీ మీకు. జెరాక్సు తీసివ్వనా?"

అతను వద్దన్నట్టు తలూపి బయటికొచ్చాడు. సిగ్గుతో అతనికి ఎదురొచ్చేవాళ్ళ ముఖాలు కూడా కనబడలేదు.

బెంచీ మీద భార్య ఒక్కతే ఉంది. వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"ఎవరూ దిద్దలేదని చెప్పావట."

"చెప్పాను."

"ఎందుకు?"

"మిమ్మల్ని పట్టిస్తానా?" అంది ఆమె. "సోమవారం ఆ పిల్ల గీత మీద వేలుపెట్టి చూసినప్పుడే నాకు అర్థమైంది."

"నాకన్నా చెప్పొచ్చుగా."

"చెబితే ఏమవుతుంది? ఇక మీ చేతిని మీరే నమ్మరు. కత్తెర పట్టుకోరు. నాకు తెలీదా మీ సంగతి?"

దర్జీకి ఏడుపొచ్చింది. టేపును అనుమానించాడు, మిషనును అనుమానించాడు, ఆ పిల్లను అనుమానించాడు. ఇన్ని అనుమానాల మధ్య ఈ మనిషి తన ప్రాణం మీదికి తెచ్చుకుని అతన్ని కాపాడుతోందన్న అనుమానం మాత్రం రాలేదు. ఆమె చేయి పట్టుకుని, అక్కడే కూర్చోమని చెప్పి సూపరింటెండెంటు ఆఫీసుకు వెళ్ళాడు.

ఫిర్యాదు వెనక్కి ఇమ్మంటే అక్కడి గుమస్తా నవ్వాడు. నంబరు పడ్డ కాగితం వెనక్కి రాదన్నాడు. అయితే ఇంకో కాగితం ఇమ్మన్నాడు దర్జీ. ఈసారి "అయ్యా" లేదు, ముప్పు వాటిల్లడం లేదు. నా భార్య ఒంటి మీది గీతలు నేనే దిద్దాను, ఆ అమ్మాయి కనిపెట్టి ఆపింది, ఆపకపోతే ఏమయ్యేదో తలుచుకోలేను అని నాలుగు వరుసలు రాశాడు. గుమస్తా రెండుసార్లు చదివి, ఇది ఫైల్లో ఉండిపోతుందని, రేపు ఆమెకు ఏం జరిగినా నీ చేతి తప్పేనంటారని, ఆలోచించుకోమని మంచికే చెప్పాడు. ఆలోచించుకున్నానని దర్జీ సంతకం పెట్టాడు.

శుక్రవారం పొద్దున బెంచీ నిండా మనుషులున్నారు. గోడకు ఆనుకుని ఇంకో ఇరవై మంది నిలబడ్డారు. భార్య లోపలికెళ్ళగానే దర్జీ లేచి నిలబడ్డాడు. నలుగురిలో మాట్లాడడం అతనికి చేతకాదు. గొంతు సవరించుకుని, ఎవరి ముఖమూ చూడకుండా, గోడ వంక చూస్తూ చెప్పాడు. మా ఆవిడ గీతలు చెరిగితే నేనే దిద్దానండీ, స్కేలు పెట్టి మరీ దిద్దాను, రెండు రోజులు రేడియేషన్ పక్కన పడింది అన్నాడు. ఆగండమ్మ అని మనం నవ్వుకున్న పిల్ల ఆగబట్టే తెలిసిందన్నాడు. చెరిగితే కథ మొదటికి రాదని, అక్కడ చెబితే వాళ్ళే గీస్తారని, దాచుకుంటేనే మీదికొస్తుందని చెప్పి కూర్చున్నాడు. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది.

భార్య బయటికొచ్చింది. ఆమె వెనకే మెరుపు తలుపు దగ్గరికొచ్చి ఇస్త్రీ ఆమె నంబరు పిలిచాడు. ఆమె లేవలేదు. ఇంకోసారి పిలిచి, ఏమ్మా, ఇస్త్రీ పెట్టె వేడెక్కలేదా అని వేళాకోళమాడాడు. ఎప్పుడూ ఒకటికి రెండు అంటించే మనిషి తల వంచుకుని కూర్చుంది. ఆమె కోడలు నేల చూపులు చూస్తోంది.

"నావి ఇది దిద్దుతోంది సార్, మొన్న సాయంత్రం నుంచి," అంది చివరికి. "కనుబొమలు దిద్దుకునే పెన్సిలుతో. ఎవరికీ చెప్పొద్దని నేనే అన్నాను."

మెరుపు ముఖంలో నవ్వు అలాగే కాసేపు ఉండి, మెల్లిగా పోయింది. చేతిలోని ఫైలు తెరిచి, పేజీలు వెనక్కి తిప్పి, గీతలు దిద్దాక తీసిన ఫొటో ఉందేమోనని వెతికాడు. వెతికింది దొరకలేదు కాబోలు, బెంచీ వైపు, గోడ పక్కన నిలబడ్డవాళ్ళ వైపు చూశాడు. అందరూ చూపులు తిప్పుకున్నారు.

"డెబ్బై మందమ్మా," అన్నాడు మెల్లిగా. "ఒక్కొక్కరికి ఫొటో తీస్తూ కూర్చుంటే చివరివాళ్ళను ఇంటికి పంపాలి. ఎవరిని పంపను?"

దర్జీకి ఆ మనిషి మీద మొదటిసారి జాలేసింది. మెరుపు లోపలికెళ్ళి గోడకున్న ఫోను ఎత్తాడు. ఫైళ్ళ గదిలో ఉన్న అమ్మాయిని పంపండి, ఫొటోలు తీయాలి, కమిటీతో నేను మాట్లాడుకుంటాను అనడం బయటికి వినబడింది.

ఇవాళ ఇక మధ్యాహ్నం దాటుతుందని వెనక నుంచి ఎవరో గొణిగారు. ఇస్త్రీ ఆమె కోడలు చేయి పట్టుకుని లేచి తలుపు దగ్గరికి నడిచింది. బెంచీ ఆ చివర కూర్చున్న ఒక ముసలాయన అటూ ఇటూ చూసి, చొక్కా పై గుండీలు రెండు విప్పుకుని, తల వంచి లోపలికి చూసుకోవడం మొదలుపెట్టాడు.